పిడికిలికి తోడు అరచెయ్యి

ఇంగ్లీషులో కొట్లాటకు సరదాగా వాడే మాటల్లో ‘ఫిస్టికఫ్స్’ ఒకటి. వాచీలా విప్పి చూడదగ్గ మాట ఇది. ఫిస్ట్ అంటే పిడికిలి. కఫ్ అంటే దెబ్బ, అదీ ఎక్కువగా చాచిన చేత్తో వేసేది. మూసిన చెయ్యీ తెరిచిన చెయ్యీ ఒకే మాటలో ఇమిడాయి. మధ్యలో ‘ఇ’ చిన్న మేకులాంటిది. అది లేకపోతే ‘స్ట్’ పోయి ‘క’కు కొట్టుకుని నాలుక మొరాయిస్తుంది. 17వ శతాబ్దం మొదట్లో ‘ఫిస్టీ కఫ్స్’ అని విడివిడిగా ఉండేది, వాడగా వాడగా అతుక్కుపోయింది.

కఫ్ అనగానే చొక్కా చేతుల చివర ఉండే పట్టీ గుర్తొస్తుంది. చేతులు మడిచి కలబడటమని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఆ కఫ్ వేరు, ఈ కఫ్ వేరు.

అసలు పనితనం చివరి ‘స్’లో ఉంది. ఈ మాట దాదాపు ఎప్పుడూ బహువచనమే. ఒక్క దెబ్బతో కొట్లాట కాదు, అవతలివాడు తిరిగి వెయ్యాలి. ఇదే పనికి సంస్కృతం మాటనే రెండుసార్లు పలికించింది. ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటే కేశాకేశి, చేతులతో కలబడితే బాహాబాహి. మొదటి సగం చివర దీర్ఘం, రెండో సగం చివర ‘ఇ’. పాణిని దీనికి సూత్రాలే రాశాడు. సభలో సభ్యులు కలబడితే మన పత్రికలు ఇప్పటికీ ‘బాహాబాహీ’ అనే శీర్షిక పెడతాయి. తెలుగు మాత్రం పోట్లాట, కుమ్ములాట అంటూ వెనక ‘ఆట’ను తగిలించి ఊరుకుంది.

1867లో బాక్సింగ్‌కు క్వీన్స్‌బెరీ నియమాలు వచ్చి బాక్సర్ల చేతులకు గ్లవ్స్ తొడిగాయి. ఫిస్టికఫ్స్ మాత్రం వట్టి చేతులతోనే మిగిలిపోయింది. కత్తులు దూసినచోట, నెత్తురు కారినచోట ఈ మాట వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. పెద్దమనుషులిద్దరు క్లబ్బులో కుర్చీకోసం కాలర్లు పట్టుకుంటే అతికినట్టు సరిపోతుంది. ‘దాదాపు ఫిస్టికఫ్స్ దాకా వెళ్లింది’ అనడం మరీ మామూలు. అంటే ఎవరూ ఎవరి మీదా చెయ్యి వెయ్యలేదన్నమాట.