పికప్ చెవిలో ఉంది

తెనాలిలో మా వీధి చివర షెడ్డు నడిపిన మెకానిక్ బాబాయి ఏ బండి వచ్చినా ముందు పానా పట్టేవాడు కాదు. స్టాండు వేయించి, ఇంజను కాస్త వేడెక్కనిచ్చి, రేజ్ ఒక్కసారి గుంజి వదిలేవాడు. అలా మూడుసార్లు. గుంజగానే ఇంజను ఒక్క క్షణం గుటక మింగినట్టు ఆగి తర్వాత లేస్తే ఒక జబ్బు. బొంయ్‌మని బరువుగా, పొగతో లేస్తే ఇంకో జబ్బు. వదిలాక మోత వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంటే మూడోది. కార్బొరేటర్ విప్పకముందే సగం వైద్యం అయిపోయేది.

నేను నేర్చుకున్న బండి యమహా ఆర్‌ఎక్స్ 100. 1985లో మన రోడ్ల మీదికి వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన టూ స్ట్రోక్. 98 సీసీ, పదకొండు హార్స్‌పవర్, మికుని కార్బొరేటర్. ఇవాళ్టికీ దాని పేరెత్తితే అందరి నోటా వచ్చే మాట ఒకటే: పికప్.

పికప్ అంటే పెట్రోలు ఎక్కువ తాగించడం అనుకుంటారు చాలామంది. కాదు. గాలి తేలిక, పెట్రోలు బరువు. రేజ్ మెల్లగా తిప్పితే రెండూ కలిసి నడుస్తాయి. ఒక్కసారిగా గుంజితే గాలి ముందు దూసుకుపోతుంది, పెట్రోలు వెనకబడుతుంది. కార్బొరేటర్ గొంతులో గాలి వేగం వల్ల పుట్టే పీల్పే పెట్రోలును పైకి లాగాలి. గాలిదారికి తలుపులాంటి స్లైడ్‌ను హఠాత్తుగా బార్లా తెరిస్తే ఆ పీల్పు పడిపోతుంది. ఇంజను గుటక మింగేది అప్పుడే. ఆ క్షణాన్ని ఎంత తగ్గించగలిగితే అంత పికప్.

అందుకే ముందు తేల్చాల్సింది, తడబాటు రేజ్ ఎంత తిప్పినప్పుడు వస్తోందని. బాబాయి హ్యాండిల్ గ్రిప్ మీద సుద్దతో నాలుగు గీతలు గీసేవాడు. పక్కన కదలని భాగం మీద ఇంకో గీత. మొదటి గీత దాటేలోపు తడబడితే స్లో జెట్టూ ఎయిర్ స్క్రూ చూసుకోవాలి. అక్కడే కొంచెం పైన అయితే స్లైడ్ అడుగున కోసిన వాలు పని. పావు నుంచి ముప్పావు దాకా సూదిదే రాజ్యం. ఆపైన మాత్రమే మెయిన్ జెట్. ఊళ్లో మనం బండి నడిపేదంతా సగం రేజ్ లోపలే. అయినా పికప్ లేదనగానే మెయిన్ జెట్ పెద్దది వేయించేవాళ్లే ఎక్కువ. కాలు నొప్పికి చేతికి కట్టు కట్టినట్టు ఉంటుంది ఆ వైద్యం.

సూది సంగతి కొంచెం ఆగి చెప్పాలి. అగ్గిపుల్లంత సన్నటి సూది. తలదగ్గర వరసగా గాట్లు, సాధారణంగా అయిదు. గోరంత క్లిప్పు ఏదో ఒక గాట్లో కూర్చుంటుంది. క్లిప్పు ఒక గాటు కిందికి మారిస్తే సూది పైకి లేస్తుంది, రంధ్రంలో సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. పైకి మారిస్తే తగ్గుతుంది. కొత్తగా చేసేవాళ్లు ఇక్కడే తికమక పడతారు. ఒక్క గాటు తేడాకే బండి నడక మారిపోవడం నేను నా చేత్తో చూశాను.

ఎయిర్ స్క్రూ మెత్తగా ఆనేదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టాలి. ఈ బండిలో బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది. ఐడిలింగ్ ఎక్కడ గరిష్ఠంగా లేస్తుందో విని, అక్కడి నుంచి ఒక చిటికెడు లోపలికి. ఆ చిటికెడు పెట్రోలే గుటకను మింగేస్తుంది. ఒకసారికి ఒకే మార్పు, ఆ తర్వాత రోడ్డు మీద పరీక్ష. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో దేవుడికి కూడా తెలీదనేవాడు బాబాయి.

చివరి సాక్షి ప్లగ్గు. ఖాళీ రోడ్డు మీద కావలసిన రేజ్‌లో నడిపి, క్లచ్ పట్టి ఇంజను ఆపేసి, ప్లగ్గు విప్పి చూడాలి. తెల్ల పింగాణీ మీద పాలు తక్కువ వేసిన టీ రంగు ఉంటే సరిపోయినట్టు. మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నంలా తెల్లగా ఉంటే భయపడాలి. కాలేజీ రోజుల్లో మోత బాగుంటుందని ఫిల్టర్ పీకేసి, జెట్ మార్చకుండా గుంటూరు రోడ్డెక్కాను. గాలి పెరిగింది, పెట్రోలు పెరగలేదు, వేడికి పిస్టన్ పట్టేసింది. బోరు చేయించడానికి మూడు నెలల ట్యూషన్ డబ్బులు పోయాయి. ఆ ప్లగ్గు తెలుపు నాకింకా గుర్తే.

తర్వాత వచ్చిన చాలా బైకుల్లోనూ, నాలుగు చక్రాల ఏటీవీల్లోనూ స్లైడును మన చెయ్యి నేరుగా లేపదు. పీల్పుకు రబ్బరు పొరతో పాటు అదే లేస్తుంది. నడక నున్నగా ఉంటుంది కానీ ఒక లిప్త ఆలస్యం. సూదికి గాట్లు లేనిచోట దాని తల కింద అర మిల్లీమీటరు వాషర్ వేసి లేపుతారు. అమెరికాలో ఇసుక దిబ్బల మీద రెండు మికునీలున్న యమహా బ్యాన్షీ ఏటీవీని ట్యూన్ చేసేవాళ్లదీ, తెనాలి షెడ్డుదీ ఒకే చదువు. సూదీ, జెట్టూ, చెవీ.

ఒకసారి కట్టిన సెట్టింగ్ శాశ్వతం కాదు. మే నెల మధ్యాహ్నం వేడిగాలి పల్చన. అప్పుడు సరిపోయింది సంక్రాంతి తెల్లవారుజామున చిక్కటి గాలికి చాలదు. అరకు ఎక్కితే గాలి తగ్గి బండి మందగిస్తుంది. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. అది మండడానికి గాలి తక్కువ చాలు, ఇంధనం ఎక్కువ కావాలి. పాత కార్బొరేటర్‌కు ఆ సంగతి తెలీదు, పాత లెక్కనే పోస్తుంది. అందుకే పాత బండి ఉన్నవాళ్లు ప్లగ్గు రంగు మళ్లీ చూసుకోవాలి. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి నిలబెట్టే బండి ఫ్లోట్ గిన్నె ఖాళీ చేయడం మంచిది. జెట్ మూసుకుపోతే ఇనప తీగతో పొడవొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదై అచ్చు వేసిన నంబరు అబద్ధమైపోతుంది. గాలి కొట్టించండి.

2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారాయి. పొగ తగ్గింది, అది మంచిదే, ఆ మార్పు రావలసిందే. కానీ మోత విని జబ్బు చెప్పే చెవికి కొత్త శిష్యులు రావడం లేదు. ఆ విద్య ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు, షెడ్డుల్లో ఉంది.

మీ వీధిలో అలాంటి షెడ్డు ఇంకా ఉంటే ఈ ఆదివారం పాత బండి తీసుకెళ్లండి. బండి ఇచ్చేసి వెళ్లిపోకుండా పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. మీ బండి జెట్ల నంబర్లు, క్లిప్పు ఎన్నో గాట్లో ఉందో, స్క్రూ ఎన్ని చుట్లు తిప్పారో మెకానిక్‌నే అడిగి కాగితం మీద రాసుకుని ఆర్‌సీతో పాటు దాచండి.