నిర్జన వారధి: ఒక తల్లి తన ఇంటి కథ చెప్పుకున్న తీరు

కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణగా వచ్చింది. అప్పటికి ఆమె వయసు తొంభై నాలుగేళ్ళు. మూడేళ్ళకే వి.బి. సౌమ్య అనువాదంలో ఇంగ్లీషులోకి కూడా వెళ్ళింది. గత భాగాలలో మీరు కందుకూరి వీరేశలింగం 'స్వీయ చరిత్రము' వంటి రచనల గురించి చదివారు. అక్కడ ఇల్లు వెనక ఉంటుంది, సభలూ సంస్కరణలూ ముందు ఉంటాయి. ఈ పుస్తకంలో ఆ అమరిక తలకిందులవుతుంది. ఈ పాఠంలో పుస్తకమంతా పరిచయం చెయ్యబోవడం లేదు. ఒక్క ప్రశ్నే పట్టుకుందాం. భర్త వదిలి వెళ్ళిపోయి, కన్నబిడ్డలిద్దరినీ పోగొట్టుకున్న ఒక తల్లి తన కుటుంబం గురించి రాయడానికి కూర్చుంటే ఏది రాస్తుంది, ఏది రాయకుండా వదిలేస్తుంది?

ముందు జీవిత విశేషాలు కొన్ని చూద్దాం. కోటేశ్వరమ్మ 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులోనే పెళ్ళి చేశారు. ఊహ తెలిసేలోపే వైధవ్యం వచ్చింది. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం జరిగింది. కమ్యూనిస్టు ఉద్యమంలో పాటలు పాడారు, నాటకాలు వేశారు, మహిళా సంఘంలో పనిచేశారు, ఒంటి మీది నగలు పార్టీకి ఇచ్చారు, అజ్ఞాతవాసం గడిపారు. ఆ రోజులు ముగిశాక భర్త ఆమెను విడిచి మరొకరితో జీవితం మొదలుపెట్టారు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు, 1980లో, పీపుల్స్ వార్ పార్టీని స్థాపించింది ఆయనే. వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన కొడుకు చంద్రశేఖర్ నక్సలైట్ ఉద్యమంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. కూతురు కరుణ డాక్టరు. అల్లుడు మరణించిన కొద్దికాలానికే ఆమె కూడా కన్నుమూసింది. ఆ ఇంట్లో మిగిలింది అమ్మమ్మ, ఇద్దరు మనవరాళ్ళు.

ఇంత చదివాక మీకు ఒక అనుమానం రావాలి. ఇన్ని దుఃఖాలు ఒక్కచోట చేరిస్తే అది కన్నీటి పుస్తకం కాకుండా ఎలా ఉంటుంది? తార్నాకకు దగ్గరలోని ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతికి ఈ పుస్తకం తీసుకువెళ్ళినప్పుడు నాకూ ఇలాంటి ప్రశ్నే ఎదురైంది. చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్న ఒక విద్యార్థిని చివరి దాకా ఏమీ మాట్లాడలేదు. అందరూ లేచి వెళ్ళబోతుంటే అడిగింది: "ఆయన్ని ఎక్కడా తిట్టదేంటి మేడం? నేనైతే తిట్టకుండా ఉండలేను." తన కేసు కుటుంబ న్యాయస్థానంలో నడుస్తోందని తర్వాత చెప్పింది. ఆ రోజు నేనిచ్చిన జవాబు ఆమెకు నచ్చినట్టు లేదు. నిజానికి నాకూ నచ్చలేదు. కోటేశ్వరమ్మ గారి ఔదార్యం గురించి ఏదో చెప్పాను. 'క్షమ', 'త్యాగం' అనే మాటలు విమర్శకులకు సులువుగా దొరుకుతాయి. అవి దొరికాక పుస్తకాన్ని మళ్ళీ తెరవవలసిన పని ఉండదు. ఈ పాఠం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ముందుగా 'విడిపోవడం' అనే మాట దగ్గర కాస్త ఆగుదాం. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. పరస్పర అంగీకారంతో విడాకులు పొందే వీలు 1976 సవరణతో కలిగింది. అయితే మన పల్లెల్లో చాలా కులాలలో అంతకు ఎంతో ముందు నుంచే పెద్దమనుషుల ఎదుట తెగతెంపులు చేసుకోవడం, మారుమనువు చేసుకోవడం ఆచారంగా ఉన్నాయి. ఆ ఆచారపు విడాకులను 1955 చట్టం రద్దు చెయ్యలేదు, 29వ సెక్షన్‌లో అలాగే ఉంచింది. అంటే విడాకులు పట్నం నుంచి వచ్చిన కొత్త రోగమనే మాట చరిత్ర తెలియక అనే మాట. కోటేశ్వరమ్మ గారిది ఈ రెండు దారుల్లో దేనిలోనూ ఇమడని పరిస్థితి. భర్త వెళ్ళిపోయారు, అంతే. ఉద్యమంలో కలిసి నడిచిన దంపతులు విడిపోతే ఎవరి దగ్గరకు వెళ్ళాలి? కులపెద్దల దగ్గరకా? ఆ కట్టుబాట్లను కాదనే కదా ఆమె పెళ్ళి చేసుకుంది. పార్టీ దగ్గరకా? పార్టీకి అది ఇద్దరి సొంత విషయం. కుటుంబం, కులం, పార్టీ అనే మూడు గొడుగులూ ఒకేసారి తప్పుకున్నప్పుడు ఒక తల్లి ఎంత ఒంటరి అవుతుందో ఈ పుస్తకం చెబుతుంది. పేరులోని 'నిర్జన' అనే మాటకు నాకు తోచిన మొదటి అర్థం అదే.

ఇక్కడే హైదరాబాదు కథలోకి వస్తుంది. ముప్పయ్యో పడి నడుస్తుండగా కోటేశ్వరమ్మ చదువుకోవడానికి ఈ నగరానికి వచ్చి ఆంధ్ర మహిళా సభలో చేరారు. మెట్రిక్ పూర్తిచేశారు. తర్వాత కాకినాడలో పాలిటెక్నిక్ విద్యార్థినుల వసతిగృహంలో మేట్రన్‌గా ఉద్యోగం సంపాదించుకున్నారు. ఆంధ్ర మహిళా సభను 1937లో మద్రాసులో స్థాపించిన దుర్గాబాయి కూడా బాల్యవివాహపు బంధం నుంచి బయటపడి, ఆ తర్వాతే పెద్ద చదువులు చదివిన మనిషి. మన దేశంలో కుటుంబ న్యాయస్థానాలు వేరుగా ఉండాలని 1950లలోనే గట్టిగా వాదించింది ఆమె. చట్టం రావడానికి 1984 దాకా పట్టింది. మీరు విద్యానగర్ వైపు నుంచి ఉస్మానియా ప్రాంగణంలోకి వెళ్తే మహిళా సభ కళాశాలలు కనిపిస్తాయి. ఇంటి చాకిరీ మధ్య, ఉద్యోగాల మధ్య ఈ పుస్తకాలు చదువుతున్న మీకు ఆ బోర్డు వట్టి బోర్డులా కనిపించకూడదు. చదువు ఆగిపోయిన ఆడవాళ్ళు మళ్ళీ పలక పట్టవచ్చు అన్న ఆలోచన మీ సార్వత్రిక విశ్వవిద్యాలయం కంటే ముందే అక్కడ మొదలైంది.

ఇదే ప్రాంగణానికి ఈ పుస్తకంతో మరో సంబంధం ఉంది. ఉస్మానియా విద్యార్థినులు 1974లో ప్రగతిశీల మహిళా సంఘాన్ని ప్రారంభించారు. ఆ తరం నుంచే తర్వాత స్త్రీ శక్తి సంఘటన రూపుకట్టింది. ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం బోధించిన రమా మేల్కోటే, ప్రాంగణం పక్కనే ఉన్న సీఫెల్‌లో ఇంగ్లీషు బోధించిన సూసీ తారు, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో వైద్యురాలిగా పనిచేసిన వీణా శత్రుఘ్న, కె. లలిత, వసంత కన్నబిరాన్ తదితరులు టేప్ రికార్డర్లు పట్టుకుని తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళారు. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఆ శ్రమ ఫలితమే. అందులో మాట్లాడిన స్త్రీలలో కోటేశ్వరమ్మ ఒకరు.

ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. 1986 నాటి పుస్తకంలో ప్రశ్న వేరొకరిది. పోరాటంలో మీ పాత్ర ఏమిటి, పార్టీ మిమ్మల్ని ఎలా చూసింది అని అడిగినవాళ్ళు తమ కాలపు అవసరం కొద్దీ అడిగారు. అది న్యాయమైన అవసరమే. 2012లో మాత్రం ప్రశ్న కూడా ఆమెదే. ఎక్కడ ఆగాలి, ఎవరిని తలచుకోవాలి, ఏ మాట మింగెయ్యాలి అన్నది ఆమే తేల్చుకున్నారు. ఈ తేడా చూడకుండా రెంటినీ 'ఉద్యమ స్త్రీల అనుభవాలు' అని ఒకే గాటన కట్టడం మన విమర్శలో తరచు కనిపించే లోపం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ పుస్తకంలో కొలత చూడండి. ఏ సంగతికి ఎంత చోటు ఇచ్చారు? విడిపోవడం అనే ఘట్టానికి సినిమాలోనో నవలలోనో అయితే చాలా చోటు దొరికేది. ఇక్కడ అది క్లుప్తంగా వస్తుంది. దానికి ముందూ వెనకా మాత్రం తల్లి, పిల్లలు, పాటలు, ఆదుకున్న స్నేహితులు, హాస్టలు పిల్లలు, మనవరాళ్ళు విరివిగా ఉంటారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కష్టం చెప్పే పద్ధతి మీకు తెలుసు. పెద్ద దెబ్బను ఒక్క ముక్కలో దాటేసి, ఆ రోజు ఎవరు అన్నం పెట్టారో మాత్రం వివరంగా చెబుతారు. విన్నవాళ్ళకు అది పక్కదారిలా తోస్తుంది. కాదు. ఎవరు అన్నం పెట్టారన్నదే వాళ్ళకు కథ. దెబ్బ తగలడం తన చేతిలో లేదు. బతికి ఉండటం మాత్రం తనూ, తన చుట్టూ ఉన్నవాళ్ళూ కలిసి చేసిన పని.

ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇక్కడ మొదలవుతుంది. కోటేశ్వరమ్మ ఈ కథ ఎవరికి చెబుతున్నారు? పుస్తకం అచ్చయి లోకానికి వచ్చింది కాబట్టి మనకే అనుకుంటాం. కాని గొంతు వింటే నాకు మరోలా తోస్తుంది. ఇది ముందుగా మనవరాళ్ళకు చెప్పిన కథ అని నా ఊహ. సీతారామయ్య ఆమెను వదిలి వెళ్ళిన భర్త. ఆ పిల్లలకు మాత్రం తాతయ్య. తల్లిదండ్రులిద్దరూ లేని పిల్లలకు ఉన్న నలుగురు పెద్దవాళ్ళలో ఒకరిని కూడా లేకుండా చేసే మాట అమ్మమ్మ ఎందుకు అంటుంది? కనుక ఆ నిగ్రహాన్ని భర్త పట్ల క్షమగా చూడనక్కరలేదు. మిగిలిన ఇంటిని కాపాడుకునే జాగ్రత్తగా చూడవచ్చు. ఈ రెండూ ఒకటి కావు. కోపం పోయిందని ఈ పుస్తకంలో నాకు ఎక్కడా అనిపించలేదు. కోపానికి పెత్తనం ఇవ్వలేదు, అంతే.

వృద్ధాప్యంలో జబ్బుపడ్డ సీతారామయ్య ఆమెను చూడాలని కోరడం, ఆమె తటపటాయించడం ఈ దృష్టితో చదవండి. ఆ ఘట్టంలో చాలామంది పాఠకులు దంపతుల కలయికను వెతుకుతారు. మన సినిమాలు అలా నేర్పాయి. ఆ తటపటాయింపునే చూడమని నా సలహా. పిలవగానే పరుగెత్తే భార్యా కాదు, తలుపు మూసేసిన స్త్రీ కూడా కాదు. దశాబ్దాలపాటు తన కాళ్ళ మీద నిలబడ్డ మనిషి, వెళ్ళాలా వద్దా అని తేల్చుకునే హక్కు తనకుందని తెలిసి, నిదానంగా ఆలోచిస్తున్నది.

మన నవలల్లో భర్తలను విడిచి వచ్చిన స్త్రీలు మీకు పరిచయమే. రంగనాయకమ్మ 'జానకి విముక్తి', 1987లో వచ్చిన ఓల్గా 'స్వేచ్ఛ' మీ పాఠ్య ప్రణాళికలో లేకపోయినా చదివి తీరవలసినవి. అక్కడ తెంచుకోవడమే కథను నడిపిస్తుంది. గడప దాటే అడుగు కోసం కథంతా సిద్ధమవుతుంది. 'నిర్జన వారధి'లో గడప దాటింది ఆమె కాదు. తెంచుకోవడం గురించి మనకు మంచి నవలలున్నాయి గాని, తెగిపోయాక యాభై, అరవై ఏళ్ళు ఎలా గడుస్తాయో చెప్పే తెలుగు రచనలు తక్కువ. ఈ పుస్తకం విలువ ముఖ్యంగా ఆ ఖాళీని పూరించడంలో ఉంది.

లోపాలు లేవని కాదు. సాయం చేసినవాళ్ళ పేర్లు వరుసగా వచ్చే పుటలలో కథనం చదునుగా సాగుతుంది. కొందరు మనుషులు పేరుగా వచ్చి, ముఖం చూపించకుండానే వెళ్ళిపోతారు. కృతజ్ఞత మంచి గుణమే గాని, వచనానికి ఎప్పుడూ మేలు చెయ్యదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. కొడుకు పోయిన బాధనూ ఆ ఉద్యమం మీది గౌరవాన్నీ ఆమె పక్కపక్కనే ఉంచారు. రెంటి మధ్య ఉన్న ఘర్షణను పూర్తిగా విప్పలేదు. తల్లిగా అడగవలసిన ఒక ప్రశ్నను కార్యకర్త అడ్డుకున్నట్టు నాకు తోస్తుంది. మీకు అలా తోచకపోవచ్చు. అలాంటప్పుడు పుస్తకంలోంచే ఆధారం చూపి నాతో విభేదించండి, పరీక్షలో మార్కులు తగ్గవు.

కోటేశ్వరమ్మ గారు 2018 సెప్టెంబరు 19న విశాఖపట్నంలో, నూరేళ్ళు నిండాక, కన్నుమూశారు.

పుస్తకం దొరికినప్పుడు ఒక పని చెయ్యండి. మొదటిసారి మామూలుగా చదివెయ్యండి. రెండోసారి పెన్సిలు పట్టుకుని, ఎవరైనా ఎవరికైనా తిండి పెట్టిన చోట, పాట పాడిన చోట, పిల్లల మాట వచ్చిన చోట గీత గీయండి. తర్వాత భర్త ప్రస్తావన వచ్చిన చోట్ల వేరే గుర్తు పెట్టండి. రెంటినీ లెక్కపెట్టి చూసుకుని, అప్పుడు ఆ పేరులోని 'వారధి' అన్న మాటకు మీకు తోచిన అర్థం మీ నోటుబుక్కులో రాసుకుని తరగతికి తీసుకురండి.