బడి దాటాక ఏమయ్యారు?

పంతులమ్మ పనితనం ఎక్కడ తేలుతుంది? తరగతి గదిలోనా, పరీక్ష పేపరు మీదా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు జేన్ నాసో సీనియర్ గుర్తొస్తుంది. లండన్‌లో దిక్కులేని ఆడపిల్లల బడులు ఎలా ఉన్నాయో చూసి చెప్పమని 1873లో మంత్రి జేమ్స్ స్టాన్స్‌ఫెల్డ్ ఆమెను నియమించారు. బ్రిటన్ ప్రభుత్వంలో అంత పెద్ద ఉద్యోగం చేసిన తొలి మహిళ ఆవిడే.

1834 నాటి పేదల చట్టం తర్వాత ఇంగ్లండ్‌లో కూటికి గతిలేనివాళ్లు చాలామంది వర్క్‌హౌస్ అనే పేదల ఆశ్రయం గడప తొక్కాల్సి వచ్చేది. లోపలికి వెళ్లగానే తల్లిని, తండ్రిని, పిల్లల్ని విడదీసేవారు. పిల్లలకు రోజుకు కనీసం 3 గంటలు చదువు చెప్పాలని నిబంధన. ఆ చదువు చెప్పే పంతులమ్మకూ తిండి, పడక అక్కడే. పాఠం అయిపోయినా ఆమె పని అయిపోయేది కాదు. పిల్లల ఒంటి శుభ్రత, భోజనాలు, పడకలు, అన్నీ ఆమె చూసుకోవాల్సిందే. ఇంత చేసినా మగ పంతులు కన్నా తక్కువ జీతం. అన్నిటికీ పైన వర్క్‌హౌస్ మాస్టరు అజమాయిషీ.

లండన్ పిల్లల్ని ఆ వాతావరణం నుంచి తప్పించాలని ఊరి బయట హాన్‌వెల్, సటన్ లాంటి చోట్ల పెద్ద పెద్ద బడులు కట్టారు. 1896లో ఏడేళ్ల చార్లీ చాప్లిన్ చేరింది హాన్‌వెల్ బడిలోనే. ఉద్దేశం మంచిదే. కానీ వందల మందిని ఒక్కచోట పెట్టేసరికి, ఒకే తువ్వాలు చేతులు మారి కళ్ల జబ్బు పాకిపోయేది. ఏ పిల్ల ఎందుకు ఏడుస్తోందో అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

జేన్ ఆ బడులు తిరిగి చూసింది. అక్కడితో ఆగిపోతే మామూలు తనిఖీ అయ్యేది. బడి వదిలి ఇళ్లలో పనికి కుదిరిన ఆడపిల్లల వివరాలు తెప్పించి, ఎవరెక్కడున్నారో, పనిలో నిలిచారో లేదో ఆరా తీయించింది. ఆ పిల్లలు చూసిన వంట పెద్ద పెద్ద కాగుల్లో ఉడికేది. చిన్న ఇంట్లో పొయ్యి రాజేయడం, కొట్టుకెళ్లి సరుకు కొని చిల్లర లెక్క చూసుకోవడం వాళ్లకెవరు నేర్పారు? పాఠాలు అప్పజెప్పిన పిల్లలే యజమానురాలి ముందు బిక్కచచ్చిపోయేవారు. నా దృష్టిలో ఆ తప్పు పంతులమ్మలది కాదు. ఒక మనిషికి అంతమంది పిల్లల్ని అప్పగించిన ఏర్పాటుది.

ఈ పిల్లలకు లేనిది తల్లి ఆలనాపాలనా అని ఆమె 1874 నాటి నివేదికలో తేల్చి చెప్పింది. అనాథల్ని మంచి కుటుంబాలకు అప్పగించమంది, మిగిలినవాళ్లకు చిన్న చిన్న ఇళ్లు కట్టమంది. ఆ పెద్ద బడుల్ని ఏళ్ల తరబడి తనిఖీ చేసిన టఫ్నెల్ ఆమె మాటల్ని గట్టిగా ఖండించాడు. అప్పటికే జబ్బుపడి ఉద్యోగం వదిలేసినా, ఆమె వెనక్కి తగ్గక రాతపూర్వకంగా జవాబిచ్చింది. పనికి కుదిరిన ఆడపిల్లలకు తోడుగా నిలిచే మహిళల సంఘం 1875లో ఆమె చొరవతోనే మొదలైంది. 1877లో, 48 ఏళ్లకే ఆమె కన్నుమూసింది.

నేనూ పంతులమ్మనే. పాత విద్యార్థిని ఎవరైనా ఎదురైతే మార్కుల సంగతి అడగబుద్ధి కాదు. వేళకు తింటున్నావా, జీతం నీ చేతికే వస్తోందా, కష్టమొస్తే చెప్పుకోవడానికి ఎవరున్నారు అని అడుగుతాను. ఆ జవాబుల్లోనే నేను చెప్పిన చదువు ఎంతవరకు పనికొచ్చిందో తెలుస్తుంది. బడి వదిలి వెళ్లిన పిల్లల్ని వెతికి పలకరించడం దయాధర్మం కాదు, మన ఉద్యోగంలో భాగమే. ఏటా ఆ పని చేయడానికి ప్రతి బడిలోనూ ఒక మనిషినీ, కాస్త సమయాన్నీ కేటాయించాలి.