కోతి అనొచ్చు గాని...

సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని ఏ ఫంక్షన్ హాలుకు వెళ్ళినా అలాంటి పిల్లవాడు ఒకడు తప్పకుండా కనిపిస్తాడు. కుర్చీలో కూర్చోమంటే కుర్చీ మీదికెక్కి నిలబడతాడు. విస్తట్లో అప్పడం విరిచేలోగా మూడు బల్లలు చుట్టి వస్తాడు. మనం చెప్పే మాట సగంలో వుండగానే మాయమవుతాడు. వాడికి మనవాళ్ళు పెట్టే పేర్లకు లెక్కలేదు. కోతి, తుంటరి, పిడుగు, గాలిగాడు, కాలు నిలవనోడు. ఈ పేర్లు పెట్టడానికి ఏ పరీక్షా అక్కర్లేదు, ఏ చదువూ అక్కర్లేదు. దూరపు చుట్టం కూడా చనువుగా పెట్టేయవచ్చు. కాని ఆ పిల్లవాడి తల్లి కాస్త గొంతు తగ్గించి, “హైదరాబాదులో డాక్టరుకు చూపించామండీ, ఏడీహెచ్‌డీ అన్నారు” అన్నదనుకోండి. భోజనాల బంతి మొత్తం కోర్టుగా మారిపోతుంది.

“పిల్లలన్నంక అల్లరి జెయ్యరా? దానికి గూడ ఒక రోగం పేరేనా?”

“మా కాలంల ఇవన్నీ యాడున్నయి?”

“డాక్టర్లకు పైసలు గావాలె గద!”

“గారాబం జేసి ఆమెనే ఖరాబు జేసింది.”

ఈ నాలుగో మాట అనడానికే మొదటి మూడు మాటలూ పుట్టాయేమోనని నాకొక అనుమానం. డాక్టరు మాటను కొట్టిపారేసిన వాళ్ళు అక్కడితో ఆగరు చూడండి. ఆ ఖాళీలో వెంటనే తల్లిని తెచ్చి కూర్చోబెడతారు. తండ్రి చేతికి చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళందుతూనే వుంటాయి.

ఇది నిన్నమొన్న అమెరికావాళ్ళు కనిపెట్టిన జబ్బు అనే మాట మన వూళ్ళలో బాగా చెల్లుతోంది. అసలు సంగతి వేరు. హైన్రిహ్ హోఫ్‌మన్ అని జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఒక డాక్టరుగారు 1840ల్లో పిల్లల కోసం బొమ్మల పుస్తకం వేశారు. అందులో ఒక ఫిలిప్పు, భోజనాల బల్ల దగ్గర కుర్చీతో ఊగీ ఊగీ చివరికి బల్లగుడ్డతో సహా వంటకాలన్నీ లాక్కుని కింద పడతాడు. మన ఫంక్షన్ హాలు పిల్లవాడికి తాత వంటివాడన్న మాట. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు 1902లో ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. బుద్ధి బాగానే వుంటుంది, తనను తాను ఆపుకునే శక్తి మాత్రం వయసుకు తగినంత వుండదు అన్నాడాయన. పేరు మారుతూ వచ్చింది. ఇప్పుడున్న పేరు 1987 నాటిది. పేరు కొత్తదైనంత మాత్రాన పిల్లవాడు కొత్తవాడు కాడు గదా!

ఇక మన సాహిత్యం సంగతి. అల్లరి పిల్లవాణ్ణి మనం ప్రేమించినంతగా మరెవరైనా ప్రేమించారా అని నాకు గర్వంగానే వుంటుంది. పోతనగారి భాగవతంలో గోపికలు గుంపుగా వచ్చి యశోదమ్మకు కృష్ణుడి మీద ఫిర్యాదులు చెప్పే ఘట్టం వుంది. ఇప్పటి పేరెంట్స్ మీటింగు దానికంటే ఏం ఎక్కువ? ఆవిడ విసిగిపోయి కొడుకును రోటికి కట్టింది. వాడు ఆ రోటితోనే మద్దిచెట్లు కూల్చాడు. ఆ తరవాత 1950ల్లో ముళ్ళపూడి వెంకటరమణగారు రాయగా బాపుగారు బొమ్మలు గీసిన ‘బుడుగు’ ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చి మన యిళ్ళలోనే కాపురం పెట్టాడు. యిక మన సీరియల్ నవలల్లో అల్లరి పిల్లవాడైతే, అలిగిన నాయికా నాయకుల్ని కలపడానికే పుడతాడు. వాళ్ళు కలిసిన మరుక్షణం వాడు ఎక్కడికి పోయాడో రచయిత్రికి కూడా పట్టదు.

కృష్ణుణ్ణీ బుడుగునూ సాక్షులుగా నిలబెట్టి “అల్లరే ఆరోగ్యం” అని వాదించేవారితో నా పేచీ ఏమిటంటే, ఆ కథలన్నీ మురిసిపోయే కళ్ళతో చూసినవి. అల్లరి పిల్లవాడు అందులో సంతోషంగా వుంటాడు. కుదురుగా కూర్చోవాలని వాడికీ వుండి, కూర్చోలేక, ఎందుకు కూర్చోలేకపోతున్నాడో వాడికే తెలియక, రాత్రి పక్కలో “అమ్మా, నేను చెడ్డోణ్ణా?” అని అడిగే పిల్లవాడు మన కథల్లో నాకు తారసపడలేదు. 2007లో హిందీలో ‘తారే జమీన్ పర్’ వచ్చినప్పుడు చాలామంది తల్లులు హాల్లో కళ్ళు తుడుచుకున్నారు. కాని అది అక్షరాలు పట్టుబడని డిస్‌లెక్సియా కథ. రెండూ ఒకే పిల్లవాడిలో వుండవచ్చు గాని, రెండూ ఒకటి కావు. ఈ పిల్లవాడి సినిమా యింకా రాలేదు.

మిర్యాలగూడలో రైసుమిల్లు నడిపే ఒక పెద్దమనిషి నాతో అన్న మాట మాత్రం చెప్పి తీరాలి. “చూడు చెల్లె, నేను గూడ చిన్నప్పుడు గిట్లనే ఉంటి. బళ్ళె కూసోకపోదును. పుస్తకాలు పారేసుకుంటి. ఇప్పుడు మిల్లు నడుపుత లేనా? మావోనికి డాక్టరెందుకు?” చాలా గట్టి వాదమే. అయితే కవలపిల్లల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఈ తేడాలో 70 నుంచి 80 శాతం దాకా వంశపారంపర్యమని తేలింది. అంటే జబ్బు లేదనడానికి ఆయన చూపించిన రుజువు, డాక్టరు రాసుకోవలసిన మొదటి వాక్యం! పైగా ఆయన మిల్లు ఎలా నడుస్తోందో చూశాను. లెక్కలు గుమాస్తా చూస్తాడు. బీరువా తాళాలు, బ్యాంకు తేదీలు, మందుబిళ్ళలు భార్య చూస్తుంది. ఫోను ఎక్కడ పెట్టాడో యింటిల్లిపాదీ వెతుకుతారు. ఆరో తరగతి పిల్లవాడికి గుమాస్తా వుండడు గదా, పాపం.

అలాగని అనుమానించేవాళ్ళందరూ అజ్ఞానులని నేననను. అనుమానానికి చోటుంది. 1970లో అమెరికాలో ఒమాహా అనే వూళ్ళో బడిపిల్లలకు విచ్చలవిడిగా మందులిస్తున్నారని వాషింగ్టన్ పోస్ట్ పత్రిక రాస్తే గగ్గోలైపోయి, ఆ ఏడే వాళ్ళ చట్టసభ విచారణ జరిపింది. అంతకంటే ఆలోచించవలసింది కెనడా ముచ్చట. బ్రిటిష్ కొలంబియాలో 9 లక్షల పైచిలుకు పిల్లల రికార్డులు తిరగేసి 2012లో ఒక లెక్క తేల్చారు. అక్కడ ఒక క్యాలెండరు సంవత్సరంలో పుట్టినవాళ్ళంతా ఒకే తరగతి. వాళ్ళలో డిసెంబరులో పుట్టిన మగపిల్లలకు, జనవరిలో పుట్టినవాళ్ళకంటే ఈ పేరు పడే అవకాశం 30 శాతం ఎక్కువ. ఆడపిల్లలకైతే 70 శాతం ఎక్కువ! అంటే కొందరి విషయంలో జబ్బనుకున్నది కేవలం పదకొండు నెలల చిన్నతనం.

ఈ లెక్క చదివినప్పుడు నాకు మన వూళ్ళే గుర్తొచ్చాయి. 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ఆరేళ్ళు అని చెప్పినా, రెండున్నరేళ్ళ పిల్లల్ని నర్సరీ బస్సు ఎక్కించేవాళ్ళు ఎంతమంది లేరు! “ఒక సంవత్సరం కలిసొస్తది” అంటారు. కలిసొచ్చిన ఆ సంవత్సరమే తరవాత “కుదురులేదు” అనే ఫిర్యాదుగా తిరిగొస్తుంది. యింట్లో మన భాష, బళ్ళో ఇంగ్లీషు. పాఠం ఒక్క ముక్క అర్థం కాని పిల్లవాడు కిటికీలోంచి చూడక ఏం చేస్తాడు? చెవి సరిగా వినబడకపోయినా, కన్ను ఆనకపోయినా, నిద్ర చాలకపోయినా, యింట్లో అమ్మానాన్నలు రోజూ పోట్లాడుకుంటున్నా పిల్లవాడు ఇలాగే వుండవచ్చు. కనుక పది నిమిషాల్లో పేరు రాసిచ్చే డాక్టరును అనుమానించండి, నేనూ మీతోనే వుంటాను. పద్ధతిగా చూసే డాక్టరు అలా చెయ్యడు. 2013లో అచ్చయిన అమెరికా మానసిక వైద్యుల గ్రంథం ప్రకారం లక్షణాలు పన్నెండేళ్ళలోపు మొదలై వుండాలి, ఆరు నెలలైనా సాగాలి, యింట్లోనూ బళ్ళోనూ రెండుచోట్లా కనబడాలి, వాడి చదువునో స్నేహాలనో నిజంగా దెబ్బ తీస్తుండాలి. ఒక్క సోషల్ టీచరు పీరియడ్‌లోనే వచ్చే జబ్బు ఏడీహెచ్‌డీ కాదు!

“రక్తపరీక్ష లేదు, స్కాను లేదు, యిదేం జబ్బు?” అని కోదాడలో ఒకావిడ గట్టిగా అడిగింది. పార్శ్వపు తలనొప్పికి మాత్రం ఏ రక్తపరీక్ష వుంది? అడిగి తెలుసుకునే జబ్బులు మనకు బోలెడున్నాయి. “సెల్‌ఫోనిస్తే రెండు గంటలు కదలడు, అప్పుడెక్కడికి పోయింది రోగం?” అన్నది మరో ప్రశ్న. వీళ్ళకు ధ్యాస అసలు లేకపోవడం కాదు, అక్కర పడినచోట దాన్ని నిలపలేకపోవడమే చిక్కు. ఫోను క్షణానికొక కొత్త బొమ్మ ఎర చూపించి ధ్యాసను తానే పట్టుకుంటుంది. ఎక్కాల పుస్తకం అలాంటి ఎర వెయ్యదు.

మందుల భయం వట్టి మూఢనమ్మకం కాదు. తరచుగా వాడే మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అదుపులో వున్నదే. ఆకలి తగ్గుతుంది, నిద్ర తగ్గవచ్చు, ఎత్తూ బరువూ చూస్తుండాలి. ఆరేళ్ళలోపు పిల్లలకైతే ముందు తల్లిదండ్రులకు శిక్షణ, తరవాతే మందు అని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే 2019లో చెప్పింది. 1999లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో 579 మంది పిల్లల్ని 14 నెలలు చూస్తే, జాగ్రత్తగా యిచ్చిన మందు బాగా పని చేసింది. మూడేళ్ళయ్యాక చూస్తే ఆ తేడాలు మిగల్లేదు. అంటే మందు అద్భుతమూ కాదు, విషమూ కాదు. “రెండు తగిలిస్తే సర్దుకుంటది” అనే వైద్యానికి మాత్రం యింతటి పరీక్ష ఎవరూ పెట్టరు. తాయెత్తుకూ పెట్టరు.

ప్రభుత్వం తీరు కూడా ఒక వింత. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, సర్కారు బళ్ళలో పిల్లల్ని చూసి గుర్తించవలసిన 30 సమస్యల జాబితాలో ఇది వుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో చెప్పిన 21 రకాల్లో మాత్రం దీని పేరు లేదు. గుర్తించమంటారు, గుర్తించాక వాడి చేతిలో పెట్టడానికి కాగితం వుండదు. సూర్యాపేటలో 2019 నుంచి మెడికల్ కాలేజీ నడుస్తోంది. అయినా ఈ మాట ఎత్తగానే జనం హైదరాబాదు బస్సే ఎక్కుతారు. కోదాడ నుంచి 180 కిలోమీటర్ల దాకా ప్రయాణం, అదీ కుదురులేని పిల్లవాడితో! 14416 నంబరుకు ఫోను చేస్తే ‘టెలి మానస్’వాళ్ళు ఉచితంగా మాట్లాడతారు, 2022 నుంచి. బస్సెక్కేముందు అదైనా చెయ్యవచ్చు.

యింతసేపూ పిల్లవాడు, పిల్లవాడు అంటున్నాను గదా. ఆడపిల్ల ఏమైంది? ఆమె కుర్చీ ఎక్కదు. వెనక బెంచీలో బొమ్మలా కూర్చుంటుంది. టిఫిన్ బాక్సు మరిచిపోతుంది, లెక్కలో ఒక మెట్టు వదిలేస్తుంది, పిలిస్తే మూడోసారికి పలుకుతుంది. ఎవరికీ అడ్డం రాదు గనక ఎవరూ డాక్టరు పేరెత్తరు. “పరధ్యానం పిల్ల, దీన్ని ఏ యింటికిస్తమో ఏమో” అని ఒక నిట్టూర్పుతో సరిపెడతారు. ఆమె విషయంలో అనుమానాలూ లేవు, వాదనలూ లేవు, చూపించడమూ లేదు.

కోదాడలో నేనెరిగిన ఒక తల్లికి డాక్టరు రెండు ఫారాలిచ్చాడు. ఒకటి యింటికి, ఒకటి బడికి. మొదటిది ఆ రాత్రే పూర్తి చేసింది. రెండోది బళ్ళో యిస్తే “మీ వాడికి మా దగ్గర కష్టమండీ” అని టీసీ చేతిలో పెడతారేమోనని నెలరోజులు హ్యాండ్‌బ్యాగులో తిప్పుకుంది. అత్తగారు చూస్తారని దాన్ని చీటీల పుస్తకంలో దాచేది. చివరికి సాయంత్రం ట్యూషన్ చెప్పే మాస్టారును బతిమాలుకుంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్క ప్రశ్నా చదివి, వాటి ఎదురుగా గీతలు పెట్టి, అడుగున వున్న ఖాళీలో తెలుగులో రాశాడట: “తెలివైన పిల్లవాడు. తప్పు చేసినట్టు నాకంటే ముందు వాడికే తెలుస్తుంది. అయినా ఆపుకోలేడు.”