చాంబర్ బోల్టు

కారు ఆయిల్ ఇంట్లోనే మార్చుకుంటున్నానని ఎవరైనా అంటే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: వాషర్ కొన్నారా? చాలామంది తెల్లమొహం వేస్తారు. ఆయిల్ ఏ గ్రేడో చెప్తారు, ఫిల్టర్ ఏ కంపెనీదో చెప్తారు, సింథటిక్ మంచిదా మినరల్ మంచిదా అని అరగంట వాదిస్తారు. ఆ ఆయిల్ మొత్తాన్ని ఇంజిన్లో ఆపి ఉంచే చిన్న రింగు సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. చాంబర్ పాడయ్యే కథలన్నీ దాదాపుగా అక్కడే మొదలవుతాయి.

ఇంజిను అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని మన మెకానిక్కులు చాంబర్ అంటారు. దానికి కింద ఒక బోల్టు. అది విప్పితే చిన్న కారు నుంచయినా దాదాపు మూడు లీటర్ల నల్లటి ఆయిల్ కారిపోతుంది. మారుతి, హోండా కార్లలో చాలావాటికి ఈ బోల్టు 14 మిల్లీమీటర్ల లావు, టయోటాల్లో 12. బోల్టేమో ఉక్కుది. అది దిగే చోటు కొన్ని బళ్లకు ఇనప రేకు, చాలా బళ్లకు అల్యూమినియం. ఈ రెండు లోహాలకూ పేచీ వస్తే ఓడిపోయేది అల్యూమినియమే. బోల్టు పోతే షాపులో ఇంకోటి దొరుకుతుంది. చాంబర్లో మరలు పోతే వేలల్లో ఖర్చు.

విజయవాడ ఆటోనగర్లో ఓ లేత్ షాపు దగ్గర నిలబడి ఒకసారి ఈ పని చూశాను. ఎవరిదో కారు చాంబర్ మొత్తం విప్పి బల్లమీద బోర్లించారు. పక్కనే దాని బోల్టు. మరల సందుల్లో వెండిరంగు తీగ ఒకటి చుట్టలు చుట్టుకుని ఉంది, బాల్‌పెన్ను స్ప్రింగులా. మేస్త్రిగారు గుండుసూదితో దాని కొస లేపి లాగితే మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది.

"చాంబర్ మరలండీ ఇవి. బోల్టుతో పాటే వచ్చేశాయి" అన్నారు నాతో.

బండి తెచ్చిన కుర్రాడు ఒప్పుకోలేదు. "నేను విప్పానంతే మేస్త్రిగారూ. నిన్నటిదాకా చుక్క కారలేదు."

"నువ్వు కాదులే బాబూ. అంతకుముందు ఎవరో గన్ను పెట్టి కొట్టారు. అప్పుడే చచ్చింది. నీ చేతిలో బయటపడింది."

మేస్త్రిగారు చెప్పింది అక్షరాలా నిజం. విప్పేటప్పుడు మరలు ఊడొస్తాయి కాబట్టి విప్పినవాడే దోషి అనుకుంటాం. కానీ అవి సాగిపోయేది బిగించేటప్పుడు. శక్తికి మించి బిగించిన ప్రతిసారీ అల్యూమినియం మరలు ఇంత సాగుతాయి. పైకేమీ కనపడదు, ఆయిలూ కారదు. ఎన్నో సర్వీసుల తర్వాత ఎవరో ఒకరు పానా వేసినప్పుడు, మొదట గట్టిగా కదిలి, తర్వాత ఎంత తిప్పినా పట్టు లేకుండా వదులుగానే తిరుగుతుంది. ఎయిర్ గన్ను చక్రాల నట్ల కోసం. చాంబర్ బోల్టు బిగించడానికి దాన్ని తీసిన చోట నేను బండి ఇవ్వను.

ఇంట్లో గన్ను ఉండదు, భయం ఉంటుంది. కారుతుందేమో అన్న భయం. ఆ భయం చేతిని ఎంత దూరం తీసుకెళ్తుందో లెక్క చూడండి. మారుతి పెట్రోలు కార్లలో చాలావాటికి ఈ బోల్టు 35 న్యూటన్ మీటర్లు బిగిస్తే చాలు. హోండా, టయోటాల్లో 40 దగ్గర. 35 అంటే, 20 సెంటీమీటర్ల రింగు పానా కొసన సుమారు 18 కిలోల బలం. ఓ మోస్తరు మనిషికి ఒంటిచేత్తో పెద్ద పనేం కాదు. అదే పానాకి ఇనప గొట్టం తొడిగి 60 సెంటీమీటర్లు చేసి, అదే 18 కిలోల బలం పెడితే 105 దాటుతుంది. టయోటా చక్రాల నట్లకి పెట్టేంత బలం అది! పైగా వెల్లకిలా పడుకుని చేసే పని. మొహం మీద ఎక్కడ చుక్క పడుతుందో అన్న కంగారు, మోచెయ్యి ఆనడానికి చోటుండదు. మామూలుగా నిలబడి బిగించేటప్పుడు చేతికుండే అంచనా అక్కడ పనికిరాదు.

అసలు ఆయిల్‌ని ఆపేది మన బలం కాదు, వాషర్. బోల్టు తలకీ చాంబర్‌కీ మధ్య మెత్తని లోహం నలిగి, రెండు వైపులా ఉన్న సన్నని గీతల్ని కప్పేస్తుంది. ఒకసారి నలిగిన అల్యూమినియం వాషర్ రెండోసారి అంత బాగా నలగదు. పాతదే మళ్లీ వేస్తే మర్నాడు గచ్చు మీద చుక్క కనపడుతుంది. చుక్క చూశాక చెయ్యి ఊరుకుంటుందా? ఇంకో పావు తిప్పు తిప్పుతుంది. ఆగుతుంది. వచ్చే ఏడాది మళ్లీ అదే వాషర్, ఇంకో పావు తిప్పు. పది ఇరవై రూపాయల వాషర్ చేయాల్సిన పని చాంబర్ మరల చేత చేయిస్తున్నామన్నమాట.

రాగి వాషర్ల సంగతి వేరు. పాత డీజిలు బళ్ల మేస్త్రిలు వాటిని గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి, నీళ్లలో వేసి మళ్లీ వాడేవారు. చూసేవాళ్లకి పిసినారితనం అనిపించేది గానీ పద్ధతి సరైనదే. కాలితే రాగి మళ్లీ మెత్తబడుతుంది. అల్యూమినియానికీ, రబ్బరో ఫైబరో అంటించిన వాటికీ ఈ వైద్యం పనికిరాదు. కొత్తది వేసుకోవాల్సిందే. టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్లూ ఉన్నారు. అది కుళాయిల కోసం పుట్టింది, అక్కడే ఉండనివ్వండి.

ఇంకో మాయ ఉంది. బోల్టు ఊడొచ్చినప్పుడు పాత వాషర్ ఒక్కోసారి దాంతో రాదు, చాంబర్‌కే అతుక్కుని ఉండిపోతుంది. నల్లటి ఆయిల్లో రెండూ ఒకటే రంగు. అది చూసుకోకుండా బోల్టుకి కొత్తది తొడిగి బిగిస్తే లోపల రెండు వాషర్లు. ఇక ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది, ఎంత కారితే అంత బిగిస్తాం. అందుకే ఆయిల్ కారడం ఆగాక పాతగుడ్డతో ఆ చోటు శుభ్రంగా తుడిచి, వేలితో తడిమి చూడాలి. బోల్టు మరల్ని కూడా తుడవాలి. మనం పెట్టే బలంలో దాదాపు పదోవంతే బిగింపుగా మారుతుంది, మిగతాదంతా రాపిడికే ఖర్చు. మరలకి ఆయిల్ జిడ్డు ఉంటే రాపిడి తగ్గి, అలా మిగిలిన బలం కూడా బోల్టుని లాగడానికే పోతుంది. పానాకి తేడా తెలియదు, అల్యూమినియానికి తెలుస్తుంది.

బోల్టు ఎక్కించేటప్పుడు పానా జోలికి పోకూడదు. వేళ్లతో పట్టుకుని ముందు వెనక్కి, అంటే విప్పే వైపు, నెమ్మదిగా తిప్పండి. ఒకచోట చిన్నగా టక్కుమని దిగినట్టు తెలుస్తుంది. మర కొసలు ఎదురెదురుగా వచ్చాయని దానర్థం. అక్కణ్నుంచి బిగించే వైపు తిప్పితే వేళ్లతోనే చివరిదాకా జారుతూ వెళ్లిపోవాలి. మొదటి రెండు చుట్లలోనే బిగుసుకుంటోందంటే వంకరగా ఎక్కుతోందన్నమాట, తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. పానాతో రెండు తోపులు తోస్తే సర్దుకుంటుందిలే అనుకునేవాళ్లు ఆటోనగర్ లేత్‌వాళ్లకి అన్నదాతలు.

విప్పడంలోనూ రెండు మూడు జాగ్రత్తలున్నాయి. స్క్రూ స్పానర్ వద్దు, అది బోల్టు తల మూలలు అరగదీసి గుండ్రంగా చేస్తుంది. సరైన సైజు, ఆరు మూలల గోటీ (సాకెట్) తీసుకోవాలి. కింద పడుకున్నాక కుడి ఎడమలు తారుమారవుతాయి. బోల్టు తల మనకి ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పాలి. విప్పుతున్నాననుకుని బలమంతా పెట్టి బిగించిన ఘనులు లేకపోలేదు. ఇంజిను గోరువెచ్చగా ఉంటే చాలు, మరిగే ఆయిల్ చేతిమీద పడితే బోల్టు గుర్తుండదు. జాకీ ఒక్కటే నమ్ముకుని బండి కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టాలి. ఇది వాదనకు తావులేని విషయం. చివరగా, అది ఇంజిను బోల్టేనా అని చూసుకోండి. గేర్‌బాక్సుకీ పక్కనే అలాంటిదే ఒకటుంటుంది. నల్లటి ఆయిల్ రావాల్సిన చోట తేటగా ఏదో కారుతోందంటే వెంటనే ఆపేసి తిరిగి బిగించెయ్యండి.

ఓపిక ఉన్నవాళ్లు టార్క్ రెంచ్ కొనుక్కోవచ్చు. పెద్దసైజు కాకుండా చిన్నది కొనాలి, పెద్దవి 35 దగ్గర నిలకడగా ఉండవు. క్లిక్కుమనగానే చెయ్యి తీసెయ్యాలి. తృప్తి కోసం మళ్లీ మళ్లీ క్లిక్కు కొట్టేవాళ్లని చూశాను, ప్రతి క్లిక్కుకీ బోల్టు కొంచెం ముందుకి జరుగుతూనే ఉంటుంది. రెంచ్ లేకపోతే చిన్న పానాతో, పిడి మధ్యలో పట్టుకుని, వాషర్ ఆనిన తర్వాత గట్టిగా తగిలేదాకా తిప్పి ఆపండి. ఫిల్టర్‌కి ఇంత గొడవ లేదు. రబ్బరు రింగుకి కొత్త ఆయిల్ రాసి, ఆనాక ముప్పావు తిప్పు చేత్తో తిప్పితే చాలు.

ఇంతా చేసి మరలు ముందే పోయి ఉంటే? ఎం-సీల్ మెత్తి బండి నడిపేవాళ్లున్నారు. స్పీడ్‌బ్రేకర్ల ఊళ్లో, మూడు లీటర్ల ఆయిల్‌ని జిగురు మీద వేలాడదీసి హైవే ఎక్కడం నాకు సమ్మతం కాదు. కాస్త లావు బోల్టు తెచ్చి, తనంతట తానే మరలు కోసుకుంటుందని బలవంతంగా దింపడం ఇంకో పద్ధతి. ఒకసారికి నిలుస్తుంది, రెండోసారికి ఆ మరలూ పోతాయి. నన్నడిగితే హెలికాయిల్ వేయించడం మేలు. పాత మరలు తొలిచేసి, కొత్త మరలు కోసి, ఉక్కు చుట్టని లోపల కూర్చోబెడతారు. సరిగ్గా చేస్తే పాత అల్యూమినియం మరలకన్నా అదే గట్టి. అయితే చాంబర్ విప్పి, బల్ల మీద పెట్టి చేయించండి. బండికి ఉండగానే డ్రిల్లు పెడితే పొడి లోపల పడుతుంది. ఆయిల్ పంపు ముందున్న జల్లెడ పెద్ద ముక్కల్నే ఆపుతుంది, సన్నపొడి పంపులోకి వెళ్తుంది.

కంపెనీలు చెప్పే లెక్క పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది కాబట్టి ఈ బోల్టు సంగతి మనకి ఏడాదికోసారే గుర్తొస్తుంది. ఈసారి స్పేర్‌పార్ట్స్ షాపులో ఫిల్టర్ అడిగేటప్పుడు బండి మోడల్, సంవత్సరం చెప్పి వాషర్ కూడా అడగండి. "పాతదే పనికొస్తుంది సార్" అని కౌంటర్లో అబ్బాయి అంటాడు. అయినా రెండు ఇమ్మనండి, ఒకటి కింద పడి దొరక్కపోతే ఇంకోటి ఉంటుంది.