నేలచెక్కల సందులోంచి విన్న భాష

ఒక భాష ఓడిపోయినప్పుడు ముందు దాని మాటలు పోతాయి. వాక్యం అంత సులువుగా పోదు. ఐర్లండులో జరిగింది ఇదే. 1831లో ఏర్పడిన ప్రభుత్వ పాఠశాలలు ఇంగ్లీషులో నడిచాయి. 1845లో మొదలైన క్షామం గేలిక్ మాట్లాడే పేదరైతులనే ఎక్కువగా పొట్టనపెట్టుకుంది; లక్షలమంది ఓడలెక్కారు. మిగిలినవాడు బతుకుతెరువుకు ఇంగ్లీషు నేర్చి, దానిని తన గేలిక్ మూసలోనే పోసుకున్నాడు. "ఇప్పుడే తిన్నాను" అనడానికి "తిన్న తరువాత ఉన్నాను" అనే ధోరణిలో మాట్లాడాడు. ఇంగ్లీషు రంగస్థలానికి అది వెక్కిరింత సరుకయింది.

ఆ భాషను విదూషకుని నోటినుంచి తప్పించి నాటకమంతా నింపినవాడు జె. ఎం. సింజ్. అది చిన్న పని కాదు. అయితే 1907 నాటి "ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్" పీఠికలో ఆయనే చెప్పుకున్నాడు: విక్లోలో తానున్న పాత ఇంట్లో నేలచెక్కల సందులోంచి, కింద వంటింట్లో పనిపిల్లల మాటలు విన్నాడట. భూస్వామ్య కుటుంబంలో పుట్టినవాడు పైన, భాష కింద. దాని ఫలితం నాటకంలో నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. సారాకొట్టు యజమాని, అతని కూతురు, విధవరాలు, పారిపోయి వచ్చిన కుర్రవాడు, అందరిదీ ఒకే తియ్యదనం. రైల్వే కూలీగా పనిచేసిన షాన్ ఓకేసీ 1924లో ప్రదర్శించిన "జూనో అండ్ ది పేకాక్"లో డబ్లిన్ పేదల మాట వేరు. దానిలో అరువు సామానూ, అప్పులవాళ్ళ అడుగుల చప్పుడూ వినిపిస్తాయి.

ఈ తేడా మనకు దూరపు సంగతి కాదు. పటాన్‌చెరు ప్రాంతపు కాజీపల్లి పేరులోనే అరబ్బీ కాజీ, తెలుగు పల్లె కలిసివున్నారు. అక్కడి మందుల ఫ్యాక్టరీ ముందు టీకొట్లో ఒక కాంట్రాక్టు కార్మికుడు "పైసే దేతూఁ బోల్కే బోల్యా, దియా నై" అనగా విన్నాను. ఢిల్లీ ఉర్దూలో చెప్పిన మాటకు ముందు "కి" వస్తుంది. ఈ "బోల్కే" మన "అని"కి ప్రతిబింబం. రెండూ "చెప్పి" అనే అర్థంలోంచి పుట్టినవే. గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవిత్వం చెప్పిన దక్కనీ ఇది. నేడు ముషాయిరాలో నవ్వించడానికే ఎక్కువగా పనికివస్తున్నది!

పారిశ్రామికవాడ కథలు కొన్ని చదివాను. వర్ణనకు పుస్తకభాష, కూలీ నోటికి మాత్రం "బోల్కే", అదీ పాఠకుడు నవ్వవలసిన చోట. పై వాక్యంలో మేస్త్రీ ఇచ్చిన మాటను, ఇవ్వని కూలిడబ్బునుంచి విడదీసి చూపుతున్నది ఆ ఒక్క ముక్కే. మన కథకులు దానిని రంగుగా వాడుకున్నారు. ఆ కూలి బకాయి సంగతి మాత్రం కథలోకి రాలేదు.