‘స్వయంశిక్షణ’ అనే మాట వెనుక: హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ ఛాయాచిత్రాలు – ఒక విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: డాక్యుమెంటరీ ఛాయాచిత్రణ, ఆదిలాబాద్, గోండులు, మార్లవాయి, హైమన్‌డార్ఫ్, స్వయంశిక్షణ.

1. ప్రవేశిక

ఛాయాచిత్రకళను ఏ విద్యాలయంలోనూ చదవకుండా, కెమెరా చేతబట్టి ఊళ్లు తిరిగి పేరు తెచ్చుకున్న వారిని ‘స్వయంశిక్షితులు’ అనడం పరిపాటి. ఈ మాటలో ప్రశంస ఉంది, కొంత దాపరికమూ ఉంది. కెమెరా వాడకాన్ని ఎవరికి వారు నేర్చుకోవచ్చు. అయితే ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు కెమెరాను దించాలో, దేనిని చిత్రించకూడదో నేర్పేది ఎదుటనున్న సమాజమే. ఆ బోధనకు సాధారణంగా గుర్తింపు దక్కదు. ఆదిలాబాద్ గోండుల జీవితాన్ని చిత్రించిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ (1909–1995) కృషిని ఈ కోణం నుండి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. పోలిక కోసం కరీంనగర్, వరంగల్లు ప్రాంతాలకు చెందిన ఇద్దరు ఛాయాగ్రాహకుల ప్రస్తావన కూడా చేయబడింది.

2. కెమెరా – క్షేత్రకార్యం

హైమన్‌డార్ఫ్ వియన్నాలో చదివిన చదువు మానవశాస్త్రం. కెమెరా ఆ చదువుకు తోడుగా వచ్చిన పనిముట్టు. ఆయన హైదరాబాద్ సంస్థానంలో దీర్ఘకాలం ఉండిపోవడానికి యుద్ధమే కారణం. 1939లో రెండవ ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి శత్రుదేశ పౌరుడిగా పరిగణింపబడిన ఆయన, సంస్థానపు హద్దుల్లోనే పరిశోధన సాగించవలసి వచ్చింది. చెంచులు, కొండరెడ్ల తరువాత 1940ల తొలినాళ్లలో గోండుల అధ్యయనానికి ఆదిలాబాద్ చేరి, సతీమణి బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో నివసించారు. జోడేఘాట్ పోరాటంలో కుమురం భీం 1940లో మరణించిన తరువాతి కాలమది. అడవిపై, భూమిపై హక్కు కోల్పోయిన ప్రజల మధ్యకు కెమెరాతో వెళ్లడం సులభమైన విషయం కాదు.

దండారి ఆటలు, నెమలీకల టోపీలు ధరించిన గుస్సాడీలు, పెర్సాపేన్ కొలుపులు, కింగ్రి వాయిస్తూ వంశగాథలు పాడే ప్రధానులు: ఇవన్నీ బయటివాడు దారిన పోతూ చూసి అర్థం చేసుకోగలిగినవి కావు. ఏ గోత్రంవారు ఏ కొలుపులో ఏ బాధ్యత వహిస్తారో తెలియనిదే ఏ క్షణం ముఖ్యమైనదో తెలియదు. ఆ తెలివిడి గోండు పెద్దల నుండి, ప్రధానుల నుండి వచ్చింది. కావున ఈ ఛాయాచిత్రాల వెనుక గురువులు లేరనడం వాస్తవం కాదు. ఆ గురువులు వేరే భాషలో, వేరే బడిలో పాఠం చెప్పారు.

3. చిత్రం చెప్పినది, చెప్పలేకపోయినది

ఈ కృషిలో ఒక అంతర్వైరుధ్యం కనిపిస్తుంది. పండుగ, నృత్యం, వేషం కెమెరాకు సులభంగా లొంగుతాయి. పట్టా లేకపోవడం, అప్పు, రిజర్వు అడవి గీత బొమ్మకు అందవు. భూమి పోయిన రైతు, భూమి ఉన్న రైతు ఛాయాచిత్రంలో ఒకేలా కనిపించవచ్చు. ఆ లోటును ఆయన రచన పూరించింది. 1945లో వెలువడిన ‘ట్రైబల్ హైదరాబాద్’ నివేదికలు, 1948 నాటి ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ గ్రంథం పక్కన పెట్టుకొని చూసినప్పుడే ఆ బొమ్మలకు పూర్తి అర్థం వస్తుంది. వాటిని విడదీసి ‘గిరిజన సౌందర్యం’గా ప్రదర్శిస్తే వాటి బలం సగానికి సగం తగ్గుతుంది.

రెండవ బలం పునరాగమనం. 1970లలో ఆయన మళ్లీ వచ్చి, వలసదారుల ఒత్తిడికి లోనైన అవే గూడేలను చూశారు. ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ది స్ట్రగుల్ ఫర్ సర్వైవల్’ 1982లో వెలువడింది. అంతకు ముందు ఏడాది, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో గోండులపై పోలీసు కాల్పులు జరిగాయి. మూడు దశాబ్దాలు దాటిన ఈ వ్యవధి వల్ల తొలినాటి బొమ్మలు జ్ఞాపకాల స్థాయి నుండి సాక్ష్యాల స్థాయికి చేరాయి.

4. వృత్తికి ఆధారం ఏది?

హైమన్‌డార్ఫ్‌కు నిజాం ప్రభుత్వంలో గిరిజన వ్యవహారాల సలహాదారు పదవి, ఆ తరువాత లండన్‌లోని ‘సోయాస్’లో ఆచార్య పదవి దక్కాయి. ఆయన తీసిన వేలాది ఛాయాచిత్రాలు నేడు ఆ సంస్థ భాండాగారంలోనే ఉన్నాయి. తీరిక, రాకపోకలు, ముద్రణ, భద్రత ఆయనకు సంస్థల ద్వారా సమకూరాయి.

కరీంనగర్ జిల్లా కోరుట్లలో జన్మించిన రాజన్‌బాబు (1939–2011) పిక్టోరియల్ ఛాయాచిత్రకళలో పేరు గడించారు. ఆ మార్గంలో వెలుగునీడల కూర్పు ప్రధానం, చిత్రం తనంతట తాను నిలవాలి. డాక్యుమెంటరీ చిత్రానికి ఆ స్వేచ్ఛ లేదు. అది స్థలానికి, తేదీకి, మనిషికి కట్టుబడి ఉంటుంది. వరంగల్లుకు చెందిన భరత్ భూషణ్ (మరణం 2022) దశాబ్దాల తరబడి బతుకమ్మను, తెలంగాణ పల్లె జీవితాన్ని చిత్రించారు. ఏటేటా అదే పండుగకు తిరిగి వెళ్లడం ఆయన సాధన. అయితే ఆయన ఇంటి మనిషి. పండుగలోని మర్యాద ఆయనకు ముందే తెలుసు. మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ ఏళ్ల తరబడి నేర్చుకోవలసి వచ్చిన పాఠం స్థానికుడికి పుట్టుకతోనే అందుతుంది.

విషాదమేమంటే, ఆ పాఠం ఉన్నవారికి సంస్థల ఆసరా తక్కువ. ఉత్తర తెలంగాణ పట్టణాల్లో కెమెరాను నమ్ముకున్న యువకుడికి పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు, పత్రికలకు విడివిడిగా ఇచ్చే చిత్రాలు కూడు పెడతాయి. ఒకే గూడేనికి పదేళ్లపాటు తిరిగి వెళ్లే పనికి జీతమిచ్చేవారు అరుదు. ‘స్వయంశిక్షణ’ను కీర్తించడం ఈ కొరతను కప్పిపుచ్చుతుంది.

5. పేరు, చిరునామా

బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాద్‌లో మరణించగా మార్లవాయిలోనే సమాధి చేశారు. అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ నృత్య గురువు కనక రాజు 2021లో పద్మశ్రీ పురస్కారానికి ఎంపికై, 2024లో కన్నుమూశారు. ఒకప్పుడు ‘గుస్సాడీ నర్తకుడు’ అనే జాతివాచకంతో సరిపెట్టదగిన వేషం వెనుక పేరున్న ఒక గురువు ఉన్నాడని ఆ పురస్కారం దేశానికి తెలిపింది. ఛాయాచిత్ర విమర్శ కూడా ఇదే దిశగా సాగాలి. బొమ్మలో ఉన్నదెవరు, ఏ ఊరు, ఏ గోత్రం, ఎవరి అనుమతితో తీశారు అన్న ప్రశ్నలు కూర్పు, వెలుగు వంటి అంశాలతో సమానంగా విచారణకు రావాలి.

6. ముగింపు

హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ కృషి గొప్పతనం ఆయన ఒంటరి ప్రతిభలో కంటే దీర్ఘనివాసంలో, పునరాగమనంలో, గోండుల బోధనలో ఎక్కువగా ఉంది. 1940లలోని పిల్లలను గుర్తుపట్టగల వృద్ధులు ఇప్పటికే తగ్గిపోయారు. ఆ చిత్రాల ప్రతులను మార్లవాయి, కేస్లాపూర్ వంటి ఊళ్లకు తీసుకువెళ్లి, గోండీ తెలిసిన స్థానిక పరిశోధకుల చేత పేర్లు, బంధుత్వాలు రాయించడం విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర, మానవశాస్త్ర శాఖలు వెంటనే చేపట్టదగిన పని. ఆలస్యమైన ప్రతి ఏడాదీ మరికొన్ని ముఖాలు పేరు లేకుండానే మిగిలిపోతాయి.